కోర్సు పేరు కాదు, కోడ్ చూసి చేరండి

"అన్నా, అమెరికా, బ్రిటన్ పోయి సాఫ్ట్‌వేర్ కాకుండ వేరే చదువుకుంటే అక్కడ బతుకొచ్చా?" నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు పిల్లలు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది. ఆర్కిటెక్చర్, మ్యూజియం స్టడీస్, కళకు కోడింగ్ కలిపే క్రియేటివ్ టెక్నాలజీ, ఏదైనా చదవచ్చు. చిక్కు ఎక్కడంటే, ఈ రంగాల్లో పక్కపక్కన వినిపించే రెండు డిగ్రీల తలరాతలు వేరువేరుగా ఉంటాయి. కన్సల్టెన్సీలో డిగ్రీ పేరు చెప్తారు, తలరాత మనమే చదువుకోవాలి.

ముందు అమెరికా సంగతి. స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 అనే పత్రంలో కోర్సు పేరు పక్కన, అది ఏ రంగపు చదువో చెప్పే ఆరంకెల సీఐపీ కోడ్ ఉంటుంది. చదువయ్యాక పని చేసుకునే అనుమతి, అంటే ఓపీటీ, అందరికీ 12 నెలలే. ఆ కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంటే మరో 24 నెలలు కలుస్తాయి. 04.0902 భవన శాస్త్రం, సాంకేతికతకు సంబంధించినది, అది స్టెమ్. 04.0201 మామూలు ఆర్కిటెక్చర్, అది కాదు. యానిమేషన్, ఇంటరాక్టివ్ టెక్నాలజీకి వాడే 10.0304, డిజిటల్ మీడియాకు వాడే 09.0702 స్టెమ్‌లో ఉన్నాయి. మ్యూజియం స్టడీస్ కోడ్ 30.1401 ఆ జాబితాలో లేదు. ఒకే తీరు పాఠాలు చెప్పే రెండు కాలేజీలు రెండు కోడ్‌లు వాడొచ్చు. అందుకే డిపాజిట్ కట్టకముందే అడ్మిషన్ ఆఫీసుకు ఒక్క లైను మెయిల్ పెట్టి కోడ్ రాతలో తెప్పించుకోండి. చాలాచోట్ల ఐ-20 చేతికొచ్చేది డిపాజిట్ కట్టాకే. అప్పుడు చూసుకుని నెత్తి కొట్టుకుంటే పైసలు తిరిగిరావు.

సివిల్ బీటెక్ చేసినవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఎంఎస్ ఆర్కిటెక్చర్ దగ్గర. ఏడాది, ఏడాదిన్నరలో అయిపోతుంది, చాలాచోట్ల స్టెమ్ కోడ్ కూడా ఉంటుంది. కానీ అక్కడ ఆర్కిటెక్ట్ లైసెన్సు దారిలోకి తీసుకెళ్లేది, ఆర్కిటెక్చర్ డిగ్రీలకు గుర్తింపునిచ్చే నాబ్ (NAAB) సంస్థ ఒప్పుకున్న డిగ్రీ. ఆర్కిటెక్చర్ చదవనివాళ్లకు అది మూడేళ్లకు అటూఇటూ సాగే ఎంఆర్క్ (మాస్టర్ ఆఫ్ ఆర్కిటెక్చర్). దానితో పాటు ఏఎక్స్‌పీ అనే శిక్షణ కింద 3,740 గంటల పని అనుభవం, ఏఆర్‌ఈ అనే లైసెన్సు పరీక్షలో ఆరు భాగాలు. అంత ఓపిక లేదు, భవనాల ఎనర్జీ లెక్కలు గానీ, కంప్యూటర్ మోడలింగ్ గానీ చేసుకుంటానంటే ఎంఎస్ చక్కటి చదువే. లైసెన్సు వస్తుందన్న భ్రమతో మాత్రం చేరొద్దు.

బ్రిటన్‌లో ఇదే ముచ్చట పార్ట్ 1, పార్ట్ 2, పార్ట్ 3 అనే మూడు మెట్లుగా నడుస్తుంది. అక్కడ ఆర్కిటెక్ట్ అన్న మాటకే 1997 చట్టం కాపలా ఉంది, ఏఆర్‌బీ అనే ఆర్కిటెక్టుల నమోదు బోర్డులో నమోదు కాకుండా ఆ పేరు పెట్టుకోకూడదు. మన బీఆర్క్ చేతిలో ఉన్నంత మాత్రాన పార్ట్ 1 అయిపోయినట్టు కాదు, విడిగా గుర్తింపు తెచ్చుకోవాలి. ఎప్పటికైనా తిరిగొచ్చి హైదరాబాద్‌లో ఆఫీసు పెడదామనుకునేవాళ్లకు ఇక్కడ 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ఉంది. విదేశీ డిగ్రీతో నమోదు చేస్తారా అని కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌కు ఇప్పుడే రాసి, జవాబు కాగితం దాచుకోండి.

ఇక పోర్ట్‌ఫోలియో, అంటే మీరు చేసిన పనుల పుస్తకం. సీటు నిలిచేదీ పోయేదీ చాలావరకు ఇక్కడే, జీపీఏ దగ్గర కాదు. కాలేజీ ప్రత్యేకంగా చెప్పకపోతే 15 నుంచి 20 పేజీలు, నాలుగైదు పనులు చాలు. చూసేవాళ్లు ల్యాప్‌టాప్ తెరమీద చూస్తారు. బీటెక్‌లో గీసిన ఆటోక్యాడ్ షీట్లు యథాతథంగా కుదించి పెడితే అక్షరాలు చీమల బారులా ఉంటాయి, ఎవరూ చదవరు. ఒక పేజీకి ఒక పెద్ద బొమ్మ, కింద రెండు మూడు వాక్యాలు పెట్టండి. చివరి రూపం ఒక్కటే కాదు, మొదటి గీతలు, చెడిపోయిన ప్రయత్నం, దాన్ని ఎలా సరిదిద్దారో కూడా కనిపించాలి. నలుగురు కలిసి చేసిన పనైతే మీ వంతు ఏమిటో స్పష్టంగా రాయండి. ఆ ముక్క దాచినట్టు అనుమానమొస్తే మిగతా పేజీల మీద కూడా నమ్మకం పోతుంది.

ఏం చెయ్యాలని పట్నం పోయి వెతకక్కర్లేదు. నల్లగొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, పొద్దంతా లింగం వెనక కదలని నీడ పడే గుడి. దళసరి అట్టతో 1:20 కొలతలో మండపం, స్తంభాలు, గర్భగుడి కట్టి, ఒక్కో స్తంభం తీసేస్తూ నీడ ఎలా మారుతుందో ఫొటోలు తియ్యండి. ఇందులో తప్పు జరిగేది వెలుతురు దగ్గర. ఫోన్ టార్చి దగ్గరగా పెడితే కిరణాలు విచ్చుకుని నీడ పెద్దదై తప్పు చూపిస్తుంది. పైగా అసలు గుడిలో పనిచేసేది పక్కల నుంచి చెదిరి వచ్చే పగటి వెలుగు. కాబట్టి నమూనాను డాబా మీదికి తీసుకెళ్లి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తియ్యండి. ఇది ఆర్కిటెక్చర్‌కూ పనికొస్తుంది, క్రియేటివ్ టెక్నాలజీకీ పనికొస్తుంది.

ఊళ్లో పాత మిద్దె ఇల్లో, దొరల గడీయో ఉంటే కొలతలు తీసి గీయండి. 30 మీటర్ల టేపు, ఇద్దరు మనుషులు, గోడ నిటారుగా ఉందో లేదో చూసే ఒక తూకపు గుండు చాలు. నాలుగు గోడలు కొలిచి వదిలేస్తే ఇంటికొచ్చి గీసేటప్పుడు మూల కలవదు, ఎందుకంటే పాత ఇళ్ల గదులు నిక్కమైన దీర్ఘచతురస్రాలు కావు. ప్రతి గదికీ రెండు కర్ణాలూ కొలవండి. గోడ మందం తలుపు దగ్గర తీసుకోండి. కొలతలన్నీ ఒకే మూల నుంచి వరుసగా చదవండి, ముక్కలు ముక్కలుగా కొలిచి కూడితే చిన్న తప్పులన్నీ పేరుకుంటాయి.

క్రియేటివ్ టెక్నాలజీకి పోయేవాళ్లు యాప్ స్క్రీన్‌షాట్లు పెట్టి ఊరుకోవద్దు. పోచంపల్లి ఇక్కత్‌లో డిజైన్ ముందు గ్రాఫ్ కాగితం మీద గడులుగా పుట్టి, తర్వాత దారం మీద కట్లుగా మారుతుంది. ఆ గడుల లెక్కను ప్రాసెసింగ్ అనే బొమ్మల కోడింగ్ సాధనంలో రాసి, అద్దకంలో దారం కాస్త జరిగితే అంచు ఎలా చెదురుతుందో చూపించండి. నేతగాళ్ల దగ్గర కూర్చుని రాసుకున్న నోట్సు కూడా జతచెయ్యండి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తల్లి చేతి నొప్పి చూసి, నేతకు ముందు దారం చుట్టే లక్ష్మీ ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. అవసరం నుంచి యంత్రం దాకా సాగిన ఆ వరుసే ఈ కోర్సులవాళ్లు వెతికేది. వీడియో పెడితే రెండు నిమిషాలు దాటనివ్వకండి.

మ్యూజియం చదువుకు బ్రిటన్‌లోని లెస్టర్ యూనివర్సిటీలో 1966 నుంచి ప్రత్యేక విభాగం ఉంది. దరఖాస్తుకు ఏ వస్తువునైనా రికార్డు చేసిన అనుభవం బలం. నూనె పట్టించిన నూలుతో నేసే పుట్టపాక తేలియా రుమాలు ఒకటి తీసుకుని కొలత, పదార్థం, ఎక్కడ చిరిగింది, ఎవరి దగ్గరిది అని కార్డు రాసి, కింద 60 మాటల్లో చూపరి కోసం లేబుల్ రాయండి. ఆ 60 మాటలే కష్టం. అలంపురంలో కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని శ్రీశైలం నీళ్లకు దొరక్కుండా రాయి రాయి విప్పి తెచ్చి మళ్లీ కట్టారు. పరిరక్షణ మీద వ్యాసం రాయడానికి ఇంతకంటే మంచి వస్తువు దొరకదు. ఉద్యోగం మాట మాత్రం దాచను: బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసాకు 2025 జులై నుంచి మామూలుగా ఏటా 41,700 పౌండ్లు, కొత్తగా చేరేవాళ్లకు 33,400 పౌండ్ల జీతం చూపాలి. మ్యూజియంలో మొదటి కొలువుకు అంత రావడం అరుదు. అప్పు మొత్తం తీర్చుకోవాల్సిన ఇంటి పిల్లలు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

అప్పంటే గుర్తొచ్చింది. మనవైపు చాలామంది "ఐదెకరాలుంది, పాస్‌బుక్ పెడతం" అంటారు. చదువు లోనుకు వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు తీసుకోవు, బాకీ పడితే బ్యాంకులు ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం కింద దాన్ని జప్తు చేసే వీలు లేదు కాబట్టి. ఇల్లో, ఇంటి స్థలమో అడుగుతారు. ఈ సంగతి వీసా నెలలో కాదు, దరఖాస్తు పెట్టే నెలలోనే మేనేజర్ దగ్గర తేల్చుకోండి.

బ్రిటన్ వీసాకు మిగిలిన ఫీజుతో పాటు లండన్‌లో నెలకు 1,529, బయట 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల ఖర్చు ఖాతాలో 28 రోజులు ఆగకుండా ఉండాలి. మధ్యలో ఒక్కరోజు నూరు రూపాయలు తగ్గినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఎరువుల బాకీకో, పెళ్లి కట్నానికో ఆ ఖాతా ముట్టుకోకండి. ఖాతా మీ పేరు మీద గానీ, తల్లిదండ్రుల పేరు మీద గానీ ఉండాలి. మేనమామది, బాబాయిది చెల్లదు. నాయిన ఖాతా చూపిస్తే ఆయన సమ్మతి లేఖ, మీ జనన ధ్రువపత్రం కావాలి. పదో తరగతి మెమో దానికి బదులు కాదు. ఊళ్లో పుట్టి జననం నమోదు కానివాళ్లు ఆఫర్ లెటర్ కోసం ఆగకుండా ఇవాళే మీసేవకు పోయి ఆలస్య నమోదుకు పెట్టండి, అందులో నాయిన పేరు బ్యాంకు పుస్తకంలో ఉన్నట్టే అక్షరం అక్షరం సరిపోవాలి.