పాత వైన్ల వేలం చట్టాలు: ఇదీ ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో ఎల్ఎల్‌బీ అయ్యాక న్యూయార్క్‌లో ఎల్ఎల్ఎం చేస్తున్నాడు. పాత, అరుదైన వైన్ల అమ్మకాల చట్టాల్లో పనిచేస్తానంటున్నాడు. మా ఇంట్లో మందు ముట్టినవాళ్లే లేరు. చాలా టెన్షన్‌గా ఉంది. ఇదసలు ఉద్యోగమేనా?
- ఒక తల్లి, విజయవాడ

జవాబు: ఉద్యోగమేనమ్మా. అదీ తాగడంతో పెద్దగా సంబంధం లేని, కాగితాల పని.

అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తేసినప్పుడు, 21వ రాజ్యాంగ సవరణతో మద్యం మీద పెత్తనం చాలావరకు రాష్ట్రాల చేతికి వెళ్లింది. అందుకే ఒక్కో రాష్ట్రానిదీ ఒక్కో చట్టం. ఇంట్లో ఎన్నో ఏళ్లుగా దాచుకున్న వైన్‌ను నచ్చినవాళ్లకు అమ్ముకుందామన్నా మామూలుగా కుదరదు, అమ్మేవాళ్లకు లైసెన్స్ ఉండాలి. న్యూయార్క్‌లో వైన్ వేలాలకు దారి దొరికిందే 1990ల్లో. కెంటకీ అయితే 2017లో చట్టం చేసి, పాత బర్బన్ (అమెరికన్ విస్కీ) లాంటి సీసాలను జనం దగ్గర కొని అమ్ముకోవడానికి దుకాణాలకు వీలిచ్చింది. అది కూడా స్పిరిట్స్‌కే (విస్కీ లాంటి ఘాటైన మద్యానికే), వైన్‌కు కాదు. ఏ సీసా ఎక్కడ అమ్మొచ్చో, ఏ రాష్ట్రానికి పంపకూడదో తేల్చి చెప్పే మనిషి వేలం సంస్థలకు తప్పనిసరి.

లైసెన్స్‌తోనే పని అయిపోదు. నకిలీ పాత వైన్లు అమ్మిన రూడీ కుర్నియవాన్ 2013లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో దోషిగా తేలాడు. మరుసటి ఏడాది పదేళ్ల జైలుశిక్ష పడింది. మనం పొలం కొనేముందు లింక్ డాక్యుమెంట్లు చూసినట్టే, సీసా ఎవరి దగ్గర నుంచి వచ్చిందో, ఎక్కడ నిల్వ ఉందో చూడాలి. లా చదివినవాడికి ఇది మంచి పని, గౌరవంగా చెప్పుకోదగ్గ పని.

నా భయం వేరే. ఈ రంగం చాలా చిన్నది. వేలాలనే నమ్ముకుంటే ఖాళీలు దొరకడం కష్టం. అందుకే మద్యం లైసెన్సులు, పంపిణీ, రాష్ట్రాల మధ్య రవాణా అన్నీ కలిపి నేర్చుకోమనండి. వైనరీలు వేరే రాష్ట్రాల కస్టమర్లకు నేరుగా పంపడంపై 2005లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన గ్రాన్‌హోమ్ తీర్పుతో మొదలుపెట్టమనండి. వైన్ కోర్సు ఏదైనా తర్వాత చేసుకోవచ్చు. వాటిలో రుచి చూసి ఉమ్మేయడం మామూలే, తాగక్కర్లేదు.

ముందు బార్ పరీక్ష, అంటే లాయర్‌గా పనిచేయడానికి రాయాల్సిన పరీక్ష. ఎల్ఎల్ఎం తర్వాత ఓపీటీ (చదువు అయ్యాక స్టూడెంట్ వీసాపైనే పనిచేసే అనుమతి) మీద పనిచేయడానికి సాధారణంగా ఏడాదే ఉంటుంది. న్యూయార్క్ బార్‌కు తన ఎల్‌ఎల్‌బీ సరిపోతుందో లేదో రాతపూర్వకంగా తేల్చుకున్నాడా అని ఈసారి ఫోన్‌లో అడగండి. అందుకు మార్కుల పత్రాలు ఇక్కడి యూనివర్సిటీ నుంచే వెళ్లాలి. ఆ ఆఫీసు చుట్టూ తిరగాల్సింది మీరే కావచ్చు, ఇప్పుడే మొదలుపెట్టండి.