హెచ్-ఇండెక్స్ 60 ఉన్న గుండె శాస్త్రవేత్త దగ్గర పీహెచ్‌డీకి చేరిపోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ: బరంపురంలో ఎమ్మెస్సీ చివరి ఏడాది, గుండె జబ్బుల మీద పనిచేసే ఒక ప్రొఫెసర్ దగ్గర సీటు దొరికేలా ఉంది, పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో ఆయన హెచ్-ఇండెక్స్ (పేపర్ల ప్రభావాన్ని చూపే అంకె) 60, సైటేషన్లు (ఆయన పేపర్లని వేరే పేపర్లు ప్రస్తావించిన లెక్క) ముప్ఫై వేల పైమాటే, ఇంకేం చూడకుండా చేరిపోవచ్చా అని. చేరొద్దని అనను గానీ, ఒక పూట కూర్చుని ఆ ప్రొఫైల్ విప్పి చూశాక చేరండి.

మాది పర్లాకిమిడి. కొన్నేళ్లు గుండె జబ్బుల విభాగంలో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేశాను. ప్రమోషన్ ఫైళ్లకీ గ్రాంట్ అప్లికేషన్లకీ సార్ల సైటేషన్ల లెక్క తీసే పని ఎప్పుడూ నా నెత్తినే పడేది.

అసలు ఆ పేపర్లన్నీ ఆయనవేనా అన్నది ముందు చూడండి. నవ్వకండి. మనకి ఇంటిపేరు ముందు, ఒడియావాళ్లకి చివర, మా ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో చదువుకున్నవాళ్లకి సర్టిఫికెట్‌లో ఒకలా, పేపర్లో ఇంకోలా ఉంటుంది. పైగా డేటాబేస్ చివరున్న ‘రావు’నే ఇంటిపేరు అనుకుంటుంది. నేను లెక్క తీసిన ఒక సారు స్కోపస్ అనే పేపర్ల డేటాబేస్‌లో ముగ్గురు వేర్వేరు మనుషులుగా ఉన్నారు, అదే గూగుల్ స్కాలర్‌లో ఆయన ఖాతాలో వరి తెగుళ్ల పేపర్లు, పళ్ల డాక్టర్ల పేపర్లు కూడా వచ్చి చేరాయి. తీసేద్దామా సార్ అంటే “ఉండనీవోయ్, ఎవడు చూస్తాడు” అన్నారు. ఈ గందరగోళం తప్పించడానికే 2012 నుంచి ఆర్కిడ్ అని 16 అంకెల నంబరు ఇస్తున్నారు, మీ ప్రొఫెసర్‌కి అది ఉంటే దాంతోనే వెతకండి. స్కోపస్ కంటే గూగుల్ స్కాలర్‌లో అంకె మామూలుగానే ఎక్కువ వస్తుంది, థీసిస్‌లూ పుస్తకాలూ అన్నీ లెక్కేస్తుంది కాబట్టి.

హెచ్-ఇండెక్స్ అనేది 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త పెట్టిన కొలత. 60 అంటే కనీసం 60 సైటేషన్లు వచ్చిన పేపర్లు 60 ఉన్నాయని, అంతే. ఒకే ఒక్క పేపర్ రాసి దానికి ఐదు వేల సైటేషన్లు తెచ్చుకున్నవాడి హెచ్-ఇండెక్స్ ఒకటే. పైగా ఇది పెరగడమే గానీ తగ్గేది కాదు, పదేళ్లుగా ల్యాబ్ మొహం చూడనివారిది కూడా పెరుగుతూనే ఉంటుంది.

గుండె జబ్బుల రంగంలో ఇంకో తిరకాసు, పెద్ద పెద్ద బృందాల పేపర్లు. కేరళలో పుట్టి, బెంగళూరు సెయింట్ జాన్స్‌లో చదివి, కెనడా మెక్‌మాస్టర్‌లో స్థిరపడిన సలీం యూసుఫ్ నడిపిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాలది. పొగ, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొట్ట లాంటి తొమ్మిది కారణాలతోనే గుండెపోటు ముప్పులో 90 శాతం దాకా తేలిపోతుందని 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. అది నడిపినవారికి వచ్చిన సైటేషన్లు వేరు, అలాంటి పేపర్ల రచయితల జాబితాల్లో నూట ముప్ఫయ్యో పేరుగా ఉన్నవారికి వచ్చినవి వేరు, కానీ గూగుల్ స్కాలర్ ఇద్దరికీ పూర్తిగానే వేస్తుంది. అందుకే మీ ప్రొఫెసర్ లిస్టులో పైనున్న నాలుగైదు పేపర్లు వందలమంది రాసినవో, చికిత్స గైడ్‌లైన్సో అయితే వాటిని పక్కన పెట్టి మిగిలింది చూడండి. మామూలుగా మొదటి పేరు పని చేసినవారిది, చివరి పేరు ల్యాబ్ పెద్దది.

సైటేషన్ అంటే మెచ్చుకోలు అని కూడా అనుకోవద్దు. మూలకణాలతో గుండె కండరం మళ్లీ పెరుగుతుందన్న పియెరో అన్వెర్సా బృందం 2001లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వేసిన పేపర్‌కి సైటేషన్లు వేలల్లో ఉన్నాయి. మాకైతే అలా రాలేదని 2004లో అదే నేచర్‌లో వేరే ల్యాబులు రాశాయి, ఆ రాసినవి కూడా ఆయన లెక్కలో కలిసేవే. చివరికి 2018లో ఒకప్పుడు ఆయన పనిచేసిన హార్వర్డే ఆయన ల్యాబ్ పేపర్లు 31 వెనక్కి తీసుకోమంది.

అంకెలకి ఎక్కని ప్రభావం ఇంకోటి ఉంది. గుణుపురంలో ఒక గుండె పరీక్షల క్యాంపులో నర్సమ్మ బరువు చూశాక టేపు తీసి నడుమూ తుంటీ రెండూ కొలిచి కార్డు మీద రాస్తోంది. మా మేనమామ “చొక్కా కుట్టిస్తావా అమ్మా” అని ఒకటే వేళాకోళం. ఆ టేపు వెనక, బరువు కంటే నడుము-తుంటి నిష్పత్తే గుండెపోటుని బాగా పట్టిస్తుందన్న ఇంటర్‌హార్ట్ లాంటి పేపర్లున్నాయి. ఆ కార్డుని మాత్రం ఏ డేటాబేసూ లెక్కెయ్యదు.

ఇక మీ పని. గత ఐదేళ్ల పేపర్లు మాత్రమే తీయండి. చివరి పేరు ఆయనదై, మొదటి పేరు విద్యార్థిది అయినవి ఎన్నో చూడండి. విద్యార్థుల పేర్లు ఎక్కడో మధ్యలో నలిగిపోతుంటే నేనైతే ఆలోచిస్తాను, అంకె 60 అయినా 100 అయినా. ఆ పేర్లలో ఇద్దరికి ఫోన్ చేసి, థీసిస్ ఎన్నేళ్లకి అయిందో, ఫెలోషిప్ నెలనెలా పడిందో లేదో అడగండి. ప్రొఫెసర్ పేరు ఇక్కడ పెట్టకండి, కావాలంటే నాకు విడిగా మెసేజ్ చేయండి, ప్రొఫైల్ నేనూ ఓసారి చూసి చెప్తాను.