ఇంటర్వ్యూకు ముందు కంపెనీ లెక్కలు చూడడం ఎలా?

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లోని ఒక ఐటీ సంస్థలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. సీటీసీ (కంపెనీ నా మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) రూ.13 లక్షలు, మూల వేతనం నెలకు రూ.54 వేలు, చేతికి వచ్చేది రూ.92 వేలు. ఇంటి రుణానికి నెలకు రూ.38 వేలు, ఇంటి ఖర్చులకు మరో రూ.37 వేలు పోతాయి. రూ.1.5 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తప్ప వేరే పొదుపు లేదు. స్టాక్ మార్కెట్లో నమోదు కాని ఒక స్టార్టప్ నన్ను ఇంటర్వ్యూకు పిలిచింది. రూ.20 లక్షల సీటీసీ ఇస్తామంటున్నారు. అందులో రూ.4 లక్షలు ఈసాప్స్ (ముందే నిర్ణయించిన ధరకు కంపెనీ షేర్లు తీసుకునే హక్కు), రూ.2 లక్షలు వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చే జీతం). వెళ్లే ముందు ఆ కంపెనీ గురించి ఏమేం తెలుసుకోవాలి?
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఇంటి రుణం ఇచ్చే ముందు బ్యాంకు మీ జీతం స్లిప్పులు, ఖాతా లావాదేవీలు, సిబిల్ స్కోరు అన్నీ చూసే ఉంటుంది. నెలంతా పనిచేసి ఆ తర్వాతే జీతం తీసుకునే ఉద్యోగి కూడా, ఒక విధంగా, కంపెనీకి తాకట్టు లేకుండా అప్పిచ్చినవాడే. కంపెనీ దివాలా తీసి ఆస్తులు అమ్మవలసి వస్తే, మీవంటి ఉద్యోగుల జీతం బకాయిలు తాకట్టు ఉన్న బ్యాంకుల తర్వాతే వస్తాయి. అదీ గడచిన 12 నెలల బకాయిలకే ఆ వరుస వర్తిస్తుంది. కాబట్టి బ్యాంకు మిమ్మల్ని చూసినట్లే మీరు కంపెనీని చూడండి.

కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీ పేరుతో వెతికితే అది ఎప్పుడు ఏర్పడింది, డైరెక్టర్లు ఎవరు, ఆస్తులపై ఏ అప్పులు నమోదయ్యాయి, చివరి బ్యాలెన్స్ షీట్ ఏ తేదీది అన్నవి ఉచితంగానే కనిపిస్తాయి. మార్చి 31తో ముగిసిన సంవత్సరానికి సెప్టెంబరు 30లోగా వార్షిక సమావేశం జరిపి, ఆ తర్వాత 30 రోజుల్లో లెక్కలు దాఖలు చేయాలన్నది నిబంధన. మొదటి ఏడాదిలో ఉన్న కంపెనీ సంగతి వేరు గానీ, నాలుగైదేళ్ల కంపెనీ రెండేళ్లుగా లెక్కలు ఇవ్వలేదంటే అనుమానించవలసిందే. రూ.100 రుసుము చెల్లిస్తే దాఖలైన పత్రాలనూ చదవవచ్చు. నష్టం కనిపించగానే బెదరకండి, స్టార్టప్‌లలో అది మామూలే. చేతిలో ఉన్న నగదు నెలవారీ నష్టానికి ఎన్ని నెలలు సరిపోతుందో లెక్కవేయండి. ఆడిటర్ నివేదిక అనుబంధంలో పీఎఫ్, పన్ను బకాయిలు ఆరు నెలలకు మించి ఉన్నాయా, ఆడిటర్ మధ్యలో రాజీనామా చేశారా అన్నవి కూడా ఉంటాయి. మరీ చిన్న ప్రైవేటు కంపెనీలకు మాత్రం ఈ అనుబంధం తప్పనిసరి కాదు.

అయితే ఆడిట్ సంతకం ఉన్నంత మాత్రాన అంతా నిజమని నమ్మనవసరం లేదు. బ్యాంకు ఖాతాల్లో, ఇతరత్రా చూపిన నగదులో రూ.5,040 కోట్లు అసలు లేనేలేవని సత్యం కంప్యూటర్స్ అధిపతి 2009 జనవరి 7న స్వయంగా లేఖ రాసే వరకు, ఆ లెక్కలూ ఆడిట్ అయినవే. అందుకే నేను బ్యాలెన్స్ షీట్ కన్నా పీఎఫ్ ఖాతాలను చూసే ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో సంస్థల వివరాలు వెతికే ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్‌కు ఎక్కువ విలువ ఇస్తాను. ఏ నెల వేతనాలకు, ఎంతమంది తరఫున, ఏ తేదీన పీఎఫ్ జమ అయిందో అక్కడ తెలుస్తుంది. తర్వాతి నెల 15వ తేదీకల్లా కట్టవలసిన సొమ్ము ప్రతిసారీ నెలా రెండు నెలలు ఆలస్యమవుతుంటే, అక్కడ జీతాలకూ కటకట ఉన్నట్లే భావించవచ్చు. ఉద్యోగుల సంఖ్య ఏడాదిలో 180 నుంచి 110కి పడిపోయి ఉంటే, కారణాన్ని ఇంటర్వ్యూలోనే అడగండి. మర్యాదగా అడిగితే తప్పు పట్టరు. తప్పు పట్టే చోట చేరకపోవడమే మేలు.

ఇక మీ జీతం లెక్కకు వద్దాం. రూ.20 లక్షల్లో ఈసాప్స్, వేరియబుల్ పే తీసేస్తే మిగిలేది రూ.14 లక్షలు. అంటే ఖాయంగా పెరిగేది ఏడాదికి లక్ష రూపాయలే, ఎనిమిది శాతం కూడా కాదు. ఈసాప్స్ కేటాయించిన ఏడాది వరకు వెస్టింగ్‌కు, అంటే ఆ హక్కు మీ చేతికి రావడానికి, చట్టం ఒప్పుకోదు; నమోదు కాని కంపెనీ షేర్లను ఆ తర్వాతైనా కొనేవారు దొరకాలి. పైగా షేర్లు తీసుకున్నప్పుడే, అమ్మకపోయినా, వాటి విలువకు, మీరు చెల్లించిన ధరకు మధ్య వ్యత్యాసం మీద పన్ను పడవచ్చు. గత ఏడాది వేరియబుల్ పేలో ఎంత శాతం వాస్తవంగా చెల్లించారో అడిగి, స్థిర వేతనం రూ.16 లక్షలకు తగ్గకుండా బేరమాడండి. అంతకు తక్కువైతే, మీ పరిస్థితిలో ఈ మార్పును నేను సూచించను.

పీఎఫ్ చెల్లింపులు సక్రమంగా ఉండి, జీతమూ కుదిరితే మారండి. ఆఫర్ లెటర్ చేతికి వచ్చాకే రాజీనామా ఇవ్వండి. తొమ్మిదేళ్ల సర్వీసుకు, రూ.54 వేల మూల వేతనంపై మీకు సుమారు రూ.2.8 లక్షల గ్రాట్యుటీ రావాలి. పాత పీఎఫ్‌ను వెనక్కి తీసుకోకుండా కొత్త ఖాతాకు బదిలీ చేసుకుని, గ్రాట్యుటీని మాత్రం ఇప్పుడున్న డిపాజిట్‌కు కలపండి. నెలకు రూ.75 వేల మీ ఖర్చుకు ఆ రూ.4.3 లక్షలు దాదాపు ఆరు నెలలు సరిపోతాయి. పాత కంపెనీ ఇచ్చిన బృంద ఆరోగ్య బీమా సాధారణంగా చివరి పనిదినంతోనే ముగుస్తుంది కాబట్టి, నోటీసు పీరియడ్‌లో ఉండగానే కుటుంబమంతటికీ కలిపి ఒకే బీమా మొత్తం ఉండే సొంత ఫ్లోటర్ పాలసీ తీసుకోండి.