సీరియల్‌లో కబడ్డీ వేషం: ముందు పడటం నేర్చుకోండి

ప్రశ్న: మాది కావలి. హైదరాబాద్‌లో సీరియళ్లలో చేస్తున్నాను. కొత్త సీరియల్‌లో జిల్లా కబడ్డీ జట్టుకు ఆడే రైడర్ (కూత పెడుతూ అవతలి జట్టు కోర్టులోకి వెళ్లే అమ్మాయి) వేషం వచ్చింది. షూటింగ్‌కు పది వారాల టైముంది. సంక్రాంతికి వీధిలో చెడుగుడు ఆడటం తప్ప నాకు ఆట తెలియదు. జిమ్‌లో చేరితే చాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక నటి, కావలి

జవాబు: జిమ్‌కు వెళ్లండి, కానీ దాంతో మొదలుపెట్టకండి. ఆట తెలిసినవాళ్లు మిమ్మల్ని టీవీలో చూసి ‘ఈ అమ్మాయికి రాదు’ అని పట్టేసేది కండలు చూసి కాదు, పాదాలు చూసి. ముందు పడటం, తర్వాత అడుగు, ఆ తర్వాత కూత, చివర్లో పట్టు (రైడర్‌ను పట్టి ఆపడం). ఈ వరస మార్చొద్దు. నటులకు దెబ్బలు తగిలేది ఎక్కువగా పడటం రాకముందే పట్టులోకి దిగినప్పుడే.

మొదటి రెండు వారాలు పడటానికే ఇవ్వండి. మ్యాట్ మీద గొంతుక్కూర్చుని వెనక్కి, పక్కలకు దొర్లండి. గడ్డం ఛాతీకి ఆనించాలి, అప్పుడే తల వెనక భాగం నేలకు కొట్టుకోదు. చెయ్యి నిటారుగా చాచి ఆనించడం అందరూ చేసే పొరపాటు. ఒంటి బరువంతా మణికట్టు మీదో, భుజం దగ్గర ఎముక మీదో పడి విరుగుతుంది. మోచెయ్యి కాస్త వంచి, అరచేతి నుంచి మోచేతి దాకా ఒకేసారి నేలకు తగలనిచ్చి, భుజం మీదుగా వీపుకు దొర్లాలి. కూర్చుని భయం లేకుండా వచ్చాక సగం లేచి, తర్వాత నిలబడి చేయండి. ఇంకొకరు చీలమండ పట్టి లాగితే పడటం అన్నిటికన్నా చివర.

అడుగు విషయానికొస్తే, పాదాలు భుజాలకన్నా కొంచెం ఎడం, మోకాళ్లు వంగి, మడమలు నేలకు తేలిగ్గా తాకీతాకనట్టు, బరువు ముందరి పాదం మీద. కాలు మీద కాలు దాటించకూడదు. పక్కకు జరగాలంటే ఏ వైపు వెళ్తున్నారో ఆ కాలు ముందు కదలాలి, రెండోది దాని వెనకే చేరాలి. కాళ్లు పెనవేసుకున్న ఆ అర క్షణమే కార్నర్ డిఫెండర్‌కు (కోర్టు మూలన నిలబడి రైడర్‌ను పట్టే అమ్మాయికి) కావాల్సింది. మిద్దె మీద సాధన చేసుకోవచ్చు. సుద్దముక్కతో మిడ్ లైన్ గీసి, దానికి 3 మీటర్ల దూరంలో బాక్ లైన్ (ఎవరినీ తాకకపోతే రైడర్ తప్పక దాటాల్సిన గీత), ఇంకో మీటరు తర్వాత బోనస్ లైన్ (అదనపు పాయింటు తెచ్చే గీత) గీయండి. అమ్మాయిల కోర్టు కొలత ఇది, మగవాళ్లకైతే బాక్ లైన్ 3.75 మీటర్ల దగ్గర ఉంటుంది. 20 సెకన్లు కదలిక, 40 సెకన్లు విశ్రాంతి, మొదట నాలుగుసార్లు, మూడు వారాలకు ఎనిమిది. టో టచ్‌కు, అంటే కాలి వేళ్లతో ఎదుటివాళ్లను తాకడానికి, కాలు చాచినప్పుడు బరువు వెనక కాలి మీదే ఉండాలి. ముందుకు వాలిపోతే కాలు వెనక్కి రాదు, పైగా ఒళ్లు వేడెక్కకుండా చేస్తే తొడ వెనక కండరం పట్టేస్తుంది. పావుగంట వార్మప్ లేకుండా టో టచ్ చేయనే వద్దు.

కూత అరుపు కాదు. గొంతు చించుకుంటే ఊపిరి సగంలోనే అయిపోతుంది. పొట్ట నిండా గాలి తీసుకుని, పక్కవాళ్లకు స్పష్టంగా వినపడేంత గొంతుతో ‘కబడ్డీ కబడ్డీ’ అంటూ కొంచెం కొంచెంగా వదలాలి. రైడ్ 30 సెకన్లు. ముందు నిలబడి 20 సెకన్లు, తర్వాత నడుస్తూ, చివరికి రైడ్ అడుగులతో 30. మిడ్ లైన్ దాటకముందే కూత మొదలవ్వాలి. డబ్బింగ్ ఉందిగా అని ధీమాగా ఉండకండి. మధ్యలో గాలి పీలిస్తే భుజాలు పైకి లేస్తాయి, క్లోజప్‌లో అది స్పష్టంగా కనిపిస్తుంది.

పట్టు ఏడో వారం నుంచి, అదీ ఆడే అమ్మాయిలతోనే. తోటి నటులతో వద్దు. ఎక్కడ వదలాలో ఆడేవాళ్లకు తెలుస్తుంది. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో గానీ, దగ్గర్లోని కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ దగ్గర గానీ జట్టు గురించి అడగండి. చీలమండ పట్టేటప్పుడు మీ తల రైడర్ కాలికి పక్కన ఉండాలి. ఎదురుగా ఉంటే మోకాలు నేరుగా ముఖానికి తగులుతుంది. చైన్ పట్టినప్పుడు (పక్కవాళ్లతో చేతులు కలిపి రైడర్‌ను ఆపేటప్పుడు) వేళ్లలో వేళ్లు దూర్చొద్దు, అరచేయి అరచేయి పట్టుకోండి, లేకపోతే వేళ్లు మెలిపడతాయి.

జిమ్ వారానికి రెండు రోజులు చాలు. స్క్వాట్, పక్కకు లంజ్, ఒంటికాలి డెడ్‌లిఫ్ట్, పిక్కల వ్యాయామం, ప్లాంక్. ప్లాంక్ తప్ప మిగతావి 8 నుంచి 12 చొప్పున మూడు సెట్లు. పదో వారంలో అన్నీ సగానికి తగ్గించండి. అలసిన కాళ్లతో షూటింగ్‌కు వెళ్లొద్దు.

చూడటానికి రెండు మ్యాచ్‌లు చెప్తాం. 2018 జకార్తా ఆసియా క్రీడల మహిళల ఫైనల్ (మన మీద ఇరాన్ 27–24తో గెలిచింది), 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఫైనల్ (చైనీస్ తైపీ మీద మనం 26–25తో గెలిచాం). ఒక్కోటి రెండుసార్లు చూడండి. రెండోసారి రైడర్ నడుము నుంచి కిందికే చూపు ఉంచండి.

ప్రశ్న: మా ఊరి మైదానంలో ఒక సీరియల్ కోసం కబడ్డీ మ్యాచ్ తీస్తున్నారు. ఆట తప్పులు రాకుండా చూడమన్నారు. నేను దేని మీద కన్నేసి ఉంచాలి?
– వ్యాయామ ఉపాధ్యాయుడు, సింగరాయకొండ

జవాబు: మాస్టారూ, అన్నిటికన్నా ఎక్కువ తప్పు జరిగేది బోనస్ దగ్గర. ఒక పాదం బోనస్ లైన్ దాటి నేలను తాకినప్పుడు వెనక పాదం గాల్లో ఉండాలి, అవతల కోర్టులో ఆరుగురైనా ఉండాలి. నలుగురే ఉన్నప్పుడు బోనస్ ఇస్తే ప్రకాశం జిల్లాలో ఆట తెలిసిన ప్రతి ఇంట్లోనూ నవ్వుతారు. స్కోరు కాగితం మీద ముందే రాసి, ఎవరు అవుటైతే ఎవరు లోపలికి వస్తారో వరస పెట్టుకోండి. ముందు అవుటైనవాళ్లే ముందు లోపలికి రావాలి. ఆలౌట్‌కు, అంటే ఒక జట్టులో అందరూ అవుటైతే, అవతలి జట్టుకు రెండు పాయింట్లు అదనం.

నోరు మూసి కూత ఆపడం, కాళ్లతో కత్తెర పట్టు వేయడం ఫౌల్. విలన్ పాత్ర చేత చేయించాలనుకుంటే రిఫరీ విజిల్ కూడా స్క్రిప్టులో ఉండాలి. గోళ్లు కత్తిరించాలి, నగలు తీసేయాలి, ఒంటికి నూనె రాయకూడదు. చెమట మెరవాలని మేకప్ వాళ్లు నూనె పూస్తారు, ఒప్పుకోవద్దు. పట్టు జారిందంటే చెయ్యి ఎక్కడ పడుతుందో తెలియదు. నీళ్లు చల్లితే సరిపోతుంది.

మ్యాట్ ముక్కల అతుకులు టేక్ టేక్‌కీ మధ్య మీరే కాలితో తొక్కి చూడండి. విడిపోయిన అతుకులో బొటనవేలు ఇరుక్కుంటుంది. మట్టి కోర్టయితే రాళ్లు ఏరించి, తేలిగ్గా తడిపి ఆరనివ్వండి. బురదైతే జారుతుంది. మధ్యాహ్నం తీయొద్దని కూడా గట్టిగా చెప్పండి. అరచేత్తో రెండుసార్లు కొడితే అందరూ వెంటనే వదిలేయాలని ముందే చెప్పి, ‘యాక్షన్’ అనకముందే ఒకసారి చేయించండి. లైటింగ్ కోసం 20 నిమిషాలు ఆగితే మళ్లీ వార్మప్ చేయించాలి. యూనిట్ వాళ్లు తొందరపెడతారు, మీరు మాత్రం తగ్గొద్దు. ఒకే నటి ఒకే పట్టులో నాలుగైదు టేకులు పడ్డాక ఆ షాట్ ఆపి ముఖం షాట్లు తీసుకోమనండి.

ప్రశ్న: మా అమ్మాయి సీరియల్‌లో క్రీడాకారిణి వేషం కోసం నెలలో ఆరు కిలోలు తగ్గాలంటోంది. మే నెల ఎండలో మధ్యాహ్నం పరుగెడుతోంది, నీళ్లు కూడా తాగడం లేదు. ఏం చెప్పాలి?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, ఈ రోజే మాన్పించండి. నీళ్లు మానితే తగ్గేది ఒంట్లో నీరే, కొవ్వు కాదు. రోహిణి కార్తెలో ఒంగోలు మధ్యాహ్నం వడదెబ్బ తగలడానికి గంట చాలు. వారానికి అర కిలో తగ్గడం క్షేమం. సాధన పొద్దున ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం ఎండ దిగాక. సాధనకు ముందు, తర్వాత బరువు చూడమనండి. ఒక కిలో తగ్గితే తర్వాతి కొన్ని గంటల్లో దాదాపు ఒకటిన్నర లీటర్లు తాగాలి. ఉప్పేసిన మజ్జిగ బాగా పనికొస్తుంది. ఓఆర్‌ఎస్ అయితే లీటరు నీళ్లకు కలిపే పెద్ద ప్యాకెట్ తీసుకుని, కొలిచి కలపండి. చిక్కగా చేస్తే దాహం తీరదు సరికదా, ఒంటికి చేటు. అన్నం పూర్తిగా మానొద్దు, పరిమాణం తగ్గించి పప్పు, గుడ్డు, చేపలు పెంచండి. నెలసరి ఆగినా, తల తిరిగినా డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: కబడ్డీ వేషం కోసం మైపాడు బీచ్‌లో ఇసుకలో పరుగెత్తుతుంటే చీలమండ మడతపడింది. వాచింది కానీ నడుస్తున్నాను. ఎన్నాళ్లకు మళ్లీ మొదలుపెట్టవచ్చు?
– ఒక యువ నటుడు, నెల్లూరు

జవాబు: రోజుల లెక్క కాదు, కాలు ఏం చేయగలుగుతోందో చూసుకోవాలి. నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండకు రెండు పక్కలా ఉన్న ఎముక వెనక అంచున నొక్కితే నొప్పి పుట్టినా ముందు ఎక్స్‌రే. అవేవీ లేకపోతే మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు, బ్యాండేజీ కట్టి కాలు ఎత్తులో పెట్టండి. మసాజ్ చేయించొద్దు, వాపు పెరుగుతుంది. నొప్పి తగ్గాక ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడండి, తర్వాత కళ్లు మూసుకుని. అదే కాలి మీద పది గెంతులు నొప్పి లేకుండా వచ్చాక నేరు పరుగు, ఆ తర్వాతే పక్క అడుగులు. బీచ్‌లో ఇకనుంచి అలలు తడిపి గట్టిపడిన ఇసుక మీదే, 15 నిమిషాలకు మించకుండా పరుగెత్తండి. ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది కాబట్టి వెళ్లినంత దూరం అదే దారిన తిరిగి రండి, లేకపోతే భారమంతా ఒకే కాలి మీద పడుతుంది.