బాలిలో 30 రోజుల వీసా అంటే సరిగ్గా నెల రోజులా? దిగిన రోజు కూడా లెక్కేనా?

దిగిన రోజే మొదటి రోజు, తిరిగి వెళ్లే రోజూ లెక్కే. కాబట్టి 30 రోజుల వీసా ఆన్ అరైవల్‌ని (అక్కడ దిగాక ఇచ్చే వీసా) నెల అనుకోకూడదు. ఇండోనేషియా ఇమిగ్రేషన్ గంటలు చూడదు, పాస్‌పోర్టు మీద పడిన తేదీలు చూస్తుంది. రాత్రి 11:40కి ముద్ర పడినా ఆ రోజు ఖర్చయిపోయినట్టే.

మార్చి 5న దిగారనుకోండి. ఆ నెలలో 27 రోజులు, ఏప్రిల్‌లో 3. అంటే ఏప్రిల్ 3 ఆఖరి రోజు. ‘5న వచ్చాం, 5న పోదాం’ అనుకుంటే రెండు రోజులు ఎక్కువ ఉన్నట్టు. జరిమానా రోజుకు 10 లక్షల రూపియాలు, మన డబ్బులో 5 వేల పైమాటే. తలకింత చొప్పున, పిల్లలకూ తప్పదు. అర్ధరాత్రి దాటాక ఎగిరే విమానాల దగ్గరే చాలామంది బోల్తా పడతారు: టికెట్ మీద 4వ తేదీ, 00:30 అని ఉంటే అది 3వ తేదీ రాత్రి ప్రయాణమే అయినా, ఇమిగ్రేషన్ కౌంటర్ దాటేసరికి తేదీ మారిపోవచ్చు.

ఈ వీసాని ఒక్కసారే, ఇంకో 30 రోజులు పొడిగిస్తారు. గడువుకు కనీసం వారం, పది రోజుల ముందే దరఖాస్తు పెట్టడం మంచిది. 60 నిండాక దేశం దాటాల్సిందే.

అసలు పొరపాటు ఇంకోటుంది. ఇదే వీసాని ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకుంటే, దాని మీద కనిపించే 90 రోజులు ఉండటానికి కాదు, ఆ లోపు దేశంలో అడుగుపెట్టడానికి.