వాయుసేన వంతులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఫైటర్ స్క్వాడ్రన్లు (యుద్ధవిమానాల దళాలు) వంతులవారీగా విదేశాలకు వెళ్లిరావడం గురించి ఓరుగల్లు, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న (జగిత్యాల): మా తమ్ముడు దుబాయి పోతే రెండేండ్లకు గానీ ఇంటిమొఖం చూడడు. అమెరికా వైమానిక దళం వాళ్లు ఆరు నెలలకే తిరిగొస్తారట. అంత ఖర్చుపెట్టి పంపినోళ్లను మూణ్నాలుగేండ్లు ఉంచుకోవచ్చు కదా?

కొన్ని పోస్టుల్లో ఏడాది, అంతకు మించి ఉంచుతారు కూడా. ఫైటర్ స్క్వాడ్రన్ విషయంలో మాత్రం అది నష్టం. బయట గస్తీకి వెళ్లిన పైలట్ రోజూ చేసేది దాదాపు ఒకటే పని: గంటల తరబడి గాల్లో చక్కర్లు, ట్యాంకర్ (గాల్లోనే ఇంధనం అందించే విమానం) దగ్గర ఇంధనం, మళ్లీ చక్కర్లు. శత్రు విమానంతో తలపడటం, నేలకు ఆనుకుని ఎగరడం లాంటి కష్టమైన విద్యలకు అక్కడ సమయం, స్థలం రెండూ దొరకవు. చేయని విద్య నెలల్లోనే మొద్దుబారుతుంది. కొత్తగా చేరిన పైలట్ల శిక్షణ అయితే దాదాపు ఆగిపోతుంది. విమానం సంగతీ అంతే. ఇసుక, ఉప్పుగాలి తిన్న విమానాన్ని విప్పి చూడాలంటే సొంత హ్యాంగర్, సొంత పరికరాలు కావాలి. గుడారం కింద రోజువారీ మరమ్మతు జరుగుతుందే గానీ పెద్ద తనిఖీ జరగదు.

ప్రశ్న (మంచిర్యాల): సింగరేణిలో మూడు షిఫ్టులకు మూడు బ్యాచ్‌లు సరిపోతయ్. ఒక్క దళాన్ని బయట ఉంచడానికి వీళ్లకు నాలుగు దళాలెందుకు?

బాయి దిగొచ్చినాయన ఇంటికెళ్లి పడుకుంటే మర్నాటికి మళ్లీ సిద్ధం. స్క్వాడ్రన్ సిద్ధం కావడానికి నెలలు పడుతుంది. తేడా అక్కడే ఉంది.

అమెరికా 2021లో ప్రకటించిన ‘ఆఫ్‌ఫోర్జెన్’ (ఎయిర్‌ఫోర్స్ ఫోర్స్ జనరేషన్) పద్ధతిలో ఒక పూర్తి వంతుల చక్రం 24 నెలలు. ఆరేసి నెలల నాలుగు దశలు: రీసెట్, ప్రిపేర్, రెడీ, అవైలబుల్ టు కమిట్. మొదటి దశలో సెలవులు, బదిలీలు, పెద్ద మరమ్మతులు. రెండో దశలో యూనిట్ స్థాయి శిక్షణ. మూడో దశలో మిగతా యూనిట్లతో కలిసి పెద్ద విన్యాసాలు, చివరి పరీక్ష. నాలుగో దశలో బయటికి వెళ్లడం, లేదా పిలుపు కోసం సంచి సర్దుకుని ఉండటం. ఎప్పుడూ 12 విమానాలు బయట ఉండాలంటే ఈ లెక్కన 48 కావాలి. శిక్షణ స్క్వాడ్రన్లలో, ఓవర్‌హాల్‌లో ఉన్నవి దీనికి అదనం.

ఈ ఆలోచన 1998 నాటిది. 1999 అక్టోబరులో మొదలైన తొలి పద్ధతిలో బలగాన్ని పది భాగాలు చేశారు. ఒక్కో వంతుకు రెండు భాగాలు, 90 రోజులు. అంటే 15 నెలలకోసారి వంతు తిరిగొస్తుంది. కాగితం మీద ముచ్చటగా ఉంది. 2001 తర్వాత యుద్ధాలు మీదపడ్డాయి, 2004లో వంతును 120 రోజులకు, చక్రాన్ని 20 నెలలకు పెంచారు.

అసలు దెబ్బ పైలట్ల దగ్గర తగల్లేదు. బేస్ కాపలా, రన్‌వే మరమ్మతు, బాంబులను నిర్వీర్యం చేయడం లాంటి పనులు తెలిసినవాళ్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. వాళ్ల వంతు మిగతావాళ్లకన్నా ముందే వచ్చేది. పైగా ఖాళీలు నింపడానికి ఒక బేస్ నుంచి ఇద్దరు, ఇంకో బేస్ నుంచి ముగ్గురు అని ఏరి పంపేవారు. వాళ్లు ఒకరినొకరు మొదటిసారి చూసుకునేది దిగిన చోటే. కలిసి శిక్షణ పొందిన జట్టునే కలిపి పంపాలనే పట్టుదల ఇప్పుడు అందుకే పెరిగింది.

ప్రశ్న (హనుమకొండ): మేడారం జాతరకు ఆర్టీసీ అన్ని డిపోల నుంచి బస్సులు, డ్రైవర్లు, మెకానిక్‌లను పంపుతుంది. వాయుసేన తరలింపు కూడా ఇలాగే ఉంటుందా? వరుసక్రమం చెప్పండి.

పోలిక బాగుంది. కాకపోతే మేడారంలో బస్సు చెడితే ములుగు నుంచో హనుమకొండ నుంచో సామాను వస్తుంది. ఇక్కడ మరిచిపోయిన స్పానర్ కోసం సముద్రం దాటాలి.

అందుకే మొదలు జాబితాతోనే. అమెరికన్లు ప్రతి ప్యాకేజీకీ అయిదక్షరాల కోడ్ పెట్టుకున్నారు. ఆ కోడ్ చెబితే చాలు, ఎంతమంది, ఏ పనివాళ్లు, ఏ పనిముట్లు, ఎన్ని టన్నులు అన్నది తేలిపోతుంది. ఆ కోడ్లన్నిటినీ ఏ రోజు, ఎక్కడి నుంచి ఎక్కడికి అనే తేదీల పట్టికలో పేరుస్తారు. పట్టిక తప్పితే మిగతాదంతా తప్పుతుంది. గుడారాలకన్నా ముందు మనుషులు దిగడం, ఇంధనం పోసే బండి రాకముందే విమానాలు వాలడం పట్టిక తప్పుల వల్లే.

ముందు చిన్న బృందం వెళ్తుంది. రన్‌వే, పార్కింగ్ చోటు, ఇంధనం నాణ్యత, ఆయుధాలు ఉంచే చోటుకు చుట్టూ వదలాల్సిన ఖాళీ, మంచినీళ్లు, వసతి చూసుకుంటుంది. తర్వాత రవాణా విమానాల్లో సామాను, గ్రౌండ్ సిబ్బందిలో తొలి జట్టు. ఫైటర్లు ఆ తర్వాతే.

సామాను అల్యూమినియం ప్యాలెట్ మీద కడతారు. కొలత 108 అంగుళాలు బై 88. అంచుల్లో వల బిగించే రింగులుంటాయి కనుక పేర్చడానికి దక్కేది 104 బై 84. గరిష్ఠ బరువు 10 వేల పౌండ్లు, అంటే సుమారు 4,536 కిలోలు. వలలు మూడు: పక్కలకు రెండు, పైన ఒకటి. నేల మీద పెట్టేటప్పుడు కింద మూడు దుంగలు తప్పనిసరి. లేకపోతే ఫోర్క్‌లిఫ్ట్ దూరదు, పలక వంగుతుంది. వంగిన పలక విమానంలోని రోలర్ల మీద ఇరుక్కుంటుంది. సి-17 రవాణా విమానంలో ఇలాంటివి 18 పడతాయి, దానికన్నా చిన్నదైన సి-130జె పొడుగు రకంలో 8.

చక్రాల బండ్లకు ఇరుసు బరువులు తూచి, బరువు కేంద్రం ఎక్కడో టేపుతో గుర్తు పెట్టాలి. ఉదాహరణకు ఒక ట్రక్కు ముందు ఇరుసు మీద 1,500 కిలోలు, అది ముందంచుకు 100 సెంటీమీటర్ల దూరంలో ఉంది. వెనక ఇరుసు మీద 2,500 కిలోలు, 300 సెంటీమీటర్ల దూరంలో. రెండు గుణకారాలు కలిపితే 9 లక్షలు. మొత్తం బరువు 4,000తో భాగిస్తే 225. ముందంచు నుంచి 225 సెంటీమీటర్ల దగ్గర గుర్తు. తూచాక ఎవరో ఒక పెట్టె పైకెక్కించారనుకోండి, ఆ గుర్తు అబద్ధమైపోతుంది. విమానంలో సరుకు ఎక్కింపు చూసే లోడ్‌మాస్టర్ మళ్లీ తూచమంటాడు. అలా ఆగిన సామానే విమానాన్ని ఆలస్యం చేస్తుంది. బ్యాటరీలు, ఆక్సిజన్ సిలిండర్లు, రంగు డబ్బాల వంటి ప్రమాదకర సరుకుకు శిక్షణ పొందిన వ్యక్తి సంతకంతో పత్రం ఉండాలి. అది లేకుంటే ఎంత పెద్దాయన చెప్పినా ఎక్కించరు.

ఫైటర్లు సముద్రం దాటేటప్పుడు ట్యాంకర్ వెంట వెళ్తాయి. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఆగి నింపుకోవు. ఇప్పుడు గొట్టం తగులుకోకపోయినా దగ్గరి ఎయిర్‌పోర్ట్ చేరేంత ఇంధనం ఉండగానే, మళ్లీ మళ్లీ కొంచెం కొంచెంగా నింపుకుంటాయి. అవసరమైన లెక్కకన్నా ఒకటి రెండు విమానాలు ఎక్కువే లేస్తాయి. అందరికీ ఇంధనం అందిందని తేలాక అదనపువి వెనక్కి తిరుగుతాయి. ఇక దారిలోని దేశాల గగనతల అనుమతులు తేదీలతో ముడిపడి ఉంటాయి. ఒక విమానం చెడి రోజు తప్పితే మళ్లీ అర్జీ పెట్టుకోవాల్సిందే.

ప్రశ్న (కాజీపేట): మా దగ్గర రైలు ఆగుతుంది, లోకో పైలట్ మారతాడు, ఇంజిన్ అదే ముందుకు పోతుంది. విమానాలను అక్కడే ఉంచి మనుషులనే మారిస్తే పోదా?

చేస్తారు. దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్లాండ్ దీవుల్లో 2009 నుంచి బ్రిటన్ నాలుగు టైఫూన్ ఫైటర్లను ఉంచింది. విమానాలు అక్కడే ఉంటాయి, మనుషులు వంతులవారీగా మారతారు. అంత దూరం ఫైటర్లను తిప్పడం ట్యాంకర్లకు పెద్ద భారం. బాల్టిక్ దేశాల (ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా) గగనతల గస్తీది ఇంకో తీరు. 2004 మార్చి నుంచి నాటో దేశాలు వంతులవారీగా సొంత విమానాలు, సొంత మనుషులతో వచ్చిపోతున్నాయి. ఇప్పుడు మామూలుగా నాలుగు నెలల వంతు. ఒక రకం ఫైటర్‌కు ఇంకో రకం మీద శిక్షణ పొందిన మెకానిక్ పనికిరాడు మరి.

మనుషులనే మార్చడంలో చిక్కు అప్పగింత దగ్గరుంది. మొదట పాతవాళ్లు పని చేస్తుంటే కొత్తవాళ్లు చూస్తారు, తర్వాత కొత్తవాళ్లు చేస్తుంటే పాతవాళ్లు చూస్తారు. ఆ కొద్దిరోజులూ మంచాలు, భోజనం రెండింతలు కావాలి. ఖర్చని దాన్ని కుదించిన చోట పనిముట్ల లెక్క కుదరదు, మరమ్మతు పుస్తకంలో సగం రాసిన ఎంట్రీలు మిగులుతాయి. పనిముట్టు లెక్క తేలకపోతే అది విమానంలో ఉందో లేదో తేలేదాకా ఆ విమానం ఎగరదు.

ప్రశ్న (సిరిసిల్ల): ఇంత పద్ధతిగా క్యాలెండర్ పెట్టుకుంటే శత్రువుకూ తెలుస్తుంది కదా?

తెలుస్తుంది. పసిఫిక్ సముద్రంలోని గువామ్ దీవిలో 2004 నుంచి అమెరికా బాంబర్లను వంతులవారీగా ఎడతెగకుండా ఉంచింది. 2020 ఏప్రిల్‌లో ఆ పద్ధతి మానేసి, ఎప్పుడు ఎక్కడ దిగేదీ ముందుగా తెలియని చిన్న పర్యటనలకు మారింది.

ప్రశ్న (వరంగల్): మన వాయుసేనకు ఇలాంటి వంతులున్నాయా?

అమెరికాలా విదేశాల్లో ఫైటర్లను ఏడాది పొడుగునా నిలిపి వంతులు తిప్పే పద్ధతి మనకు లేదు. మనవాళ్లు వెళ్లేది ఎక్కువగా విన్యాసాలకే. కొద్ది వారాలుండి వచ్చేస్తారు. 2023 జనవరిలో జపాన్‌లోని హ్యకురికి నాలుగు సుఖోయ్-30లు వెళ్లాయి. వెంట రెండు సి-17లు, ఒక ఐఎల్-78 ట్యాంకర్. అదే ఏడాది మార్చిలో బ్రిటన్‌లోని వాడింగ్టన్‌కు అయిదు మిరాజ్-2000లు, 145 మంది; ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని మోంట్ ద మార్సాన్‌కు నాలుగు రఫేల్‌లు, రెండు సి-17లు, రెండు ఐఎల్-78లు, 165 మంది. నాలుగు ఫైటర్ల వెనక ఎంత బలగం కదిలిందో చూడండి. మన దగ్గరున్న ఐఎల్-78లు మొత్తం ఆరే. కాబట్టి ఎన్ని ఫైటర్లను దూరం పంపగలమన్నది ఎన్ని ఫైటర్లున్నాయన్న దానికన్నా, ఆ నెలలో ఎన్ని ట్యాంకర్లు ఎగిరే స్థితిలో ఉన్నాయన్న దాన్ని బట్టే తేలుతుంది.