దివాలా తీసిన మీడియా పేరు అద్దెకు తీసుకోవచ్చా?

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. ఉద్యోగాలు చేసుకుంటూనే ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక చిన్న వీడియో వార్తల సైట్ నడుపుతున్నాను. ఒకప్పుడు బాగా పేరున్న ఒక మీడియా కంపెనీ చాప్టర్ 11 దివాలాలో (కోర్టు రక్షణలో బాకీలు సర్దుకునే పద్ధతి) ఉంది. ఆస్తుల అమ్మకం ఇంకా తేలలేదు. ఈలోగా ఆ బ్రాండ్ పేరు, లోగో, వెబ్‌సైట్ అడ్రస్ వాడుకోవడానికి నెలకు 6,000 డాలర్ల చొప్పున ఏడాది మొత్తం, అంటే 72,000 డాలర్లు, ముందే కట్టమంటున్నారు. 401(కె), అంటే రిటైర్మెంట్ పొదుపు ఖాతా, మీద 50,000 అప్పు తీసి, మిగతా 22,000 పొదుపులోంచి ఇద్దామనుకుంటున్నాను. పొదుపులో మొత్తం 58,000 ఉంది. మా నెల ఖర్చు 7,500. పెద్దమ్మాయి రెండేళ్లలో కాలేజీకి వెళ్తుంది. మాలో ఒకరు హెచ్-1బి మీద ఉన్నారు. ఒప్పందం డ్రాఫ్టు, స్నేహితుడు వేసిన ఎక్సెల్ షీట్ పంపుతున్నాను. బ్రాండ్ లైసెన్సుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన టెంప్నాలజీ తీర్పు మాకు అండగా ఉంటుందా? ఈ పని చేయవచ్చా?

జవాబు: ఈ పద్ధతిలో వద్దండి. ఆలోచన పనికిరానిదని కాదు, డబ్బు కట్టే తీరు మీకు పూర్తిగా ఎదురుగా ఉంది.

మీరు పంపిన డ్రాఫ్టులో ఏడో పేజీ మరోసారి చూడండి. ఆస్తుల అమ్మకం పూర్తయిన రోజున లైసెన్సు దానంతట అదే రద్దవుతుందని అక్కడ ఉంది. మిగిలిన నెలల డబ్బు వెనక్కి ఇస్తామన్న మాట ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. ఐదో నెలలో ఎవరైనా కొనేస్తే మీకు పడిన అద్దె నెలకు 6,000 కాదు, 14,400. మీ బడ్జెట్ ఆ రేటుకు నిలబడుతుందా? మీ స్నేహితుడు వేసిన ఎక్సెల్ షీట్‌లో పన్నెండు నెలల యాడ్స్ ఆదాయం ఉంది కానీ, మధ్యలో ఆగిపోతే ఏమిటన్న గడి లేదు.

ఇంకో సంగతి. చాప్టర్ 11లో ఉన్న కేసు చాప్టర్ 7కి, అంటే ఆస్తులు అమ్మి బాకీదార్లకు పంచేసే పద్ధతికి, మారవచ్చు. అలా మారితే చాప్టర్ 7 ఖర్చులు ముందు, చాప్టర్ 11 కాలంలో పుట్టిన బాకీలు వాటి వెనక. రీఫండ్ షరతు రాయించుకున్నా, ఆ డబ్బు కూడా ఆ వెనక వరుసలోనే నిలబడుతుంది. అందుకే అడ్వాన్సు ఇవ్వక తప్పదంటే రెండు నెలలది మాత్రమే, అదీ ఎస్క్రోలో, అంటే షరతులు తీరేదాకా మూడో వ్యక్తి దగ్గర ఉండే ఖాతాలో. తర్వాత ఏ నెలకు ఆ నెల.

కోర్టు మాట లేకుండా అసలు డబ్బు కదపకండి. రోజువారీ వ్యాపారానికి బయట ఉన్న ఇలాంటి ఒప్పందానికి నోటీసు, విచారణ కావాలి. జడ్జి ఆర్డరు ఇచ్చాక అప్పీలుకు 14 రోజుల గడువు ఉంటుంది. వేలంలో గెలిచామని పండగ చేసుకున్నవాళ్లకే కోర్టులో చుక్కెదురైన సందర్భం ఉంది. 2024 నవంబరులో అలెక్స్ జోన్స్ నడిపిన కుట్ర సిద్ధాంతాల సైట్ ఇన్ఫోవార్స్ ఆస్తుల వేలంలో వ్యంగ్య వార్తల సంస్థ ది ఆనియన్ నెగ్గిందని ప్రకటించారు. దాని నగదు బిడ్ 17.5 లక్షల డాలర్లు, పోటీదారుది 35 లక్షలు. జోన్స్ మీద పరువునష్టం దావా గెలిచిన శాండీ హుక్ స్కూలు కాల్పుల బాధిత కుటుంబాలు తమ వాటా కొంత వదులుకోవడానికి ఒప్పుకోవడంతో తక్కువ నగదు బిడ్డే మెరుగని, దివాలా ఆస్తులు అమ్మే బాధ్యత ఉన్న ట్రస్టీ లెక్క చూపారు. డిసెంబరులో హ్యూస్టన్ దివాలా జడ్జి ఆ అమ్మకానికి ఒప్పుకోలేదు. అదే కేసులో ఎక్స్ (పాత ట్విట్టర్) సంస్థ కూడా వచ్చి, తమ వేదిక మీది ఖాతాలను వేరొకరికి బదిలీ చేయడానికి వీల్లేదని అభ్యంతరం చెప్పింది. మీ డ్రాఫ్టులో సోషల్ మీడియా ఖాతాల ఊసే లేదు, గమనించారా? పాత వీడియోల కాపీరైటూ లేదు. చందాదారుల ఈమెయిల్ లిస్టు సంగతైతే మరీ చిక్కు, కంపెనీ ఇచ్చిన ప్రైవసీ హామీని బట్టి దానికి ప్రైవసీ సంగతి చూసేందుకు కోర్టు వేరే ఓంబుడ్స్‌మన్‌ను పెట్టాల్సి రావచ్చు. మీకు వచ్చేది పేరు, బొమ్మ, ఒక అడ్రస్. అంతే.

ఆ పేరుకు ఎంత విలువ కట్టాలో చెప్పడం కష్టం. 2016లో దివాలా తీసిన గాసిప్ వార్తల సంస్థ గాకర్ మీడియా సైట్లను టీవీ సంస్థ యూనివిజన్ 13.5 కోట్ల డాలర్లకు కొంది, కానీ గాకర్.కామ్‌ను మాత్రం నడపలేదు. 2018లో ఆ పేరు, పాత కథనాలు 15 లక్షల డాలర్లలోపే అమ్ముడుపోయాయి. అందరూ గుర్తుపట్టే పేరైనంత మాత్రాన డబ్బులొస్తాయని కాదు. మీరు అద్దెకు తీసుకోబోయే బ్రాండ్ పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేది మంచి కథనాలా, పరువునష్టం కేసులా? యాడ్స్ ఇచ్చేవాళ్లను ఒక్క నలుగురిని అడిగి చూడండి.

అయితే మీ చేతిలోనూ ఒక బలం ఉంది, దాన్ని మీరు వాడుకోవడం లేదు. అమెరికా చట్టంలో ట్రేడ్‌మార్క్‌ను వరసగా మూడేళ్లు వాడకపోతే వదిలేసినట్టేనని ప్రాథమికంగా లెక్కేస్తారు. సైట్ మూతపడి ఉన్నకొద్దీ వాళ్ల ఆస్తి కరిగిపోతుంటుంది. దాన్ని బతికించి ఉంచేది మీ వాడకమే. కాబట్టి అద్దె తగ్గించమని అడగడానికి మొహమాటపడకండి. పైగా మీరు ప్రచురించే వాటి నాణ్యతను బ్రాండ్ యజమాని పర్యవేక్షించాలి, లేకపోతే ట్రేడ్‌మార్కే బలహీనపడుతుంది. సిబ్బంది అంతా వెళ్లిపోయిన కంపెనీలో ఆ పని ఎవరు చేస్తారో ఒప్పందంలో రాయించండి.

టెంప్నాలజీ తీర్పు గురించి అడిగారు. యజమాని దివాలాలో లైసెన్సును తిరస్కరించినంత మాత్రాన వాడుకునే హక్కు పోదని 2019లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ అక్కడి లైసెన్సు దివాలాకు ముందు రాసుకున్నది. మీది దివాలా మధ్యలో పుడుతోంది, అందులో రద్దు క్లాజు మీరే సంతకం పెట్టి ఇస్తున్నారు. ఆ తీర్పు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. కొన్నవాళ్లు కనీసం 90 రోజులు మిమ్మల్ని కొనసాగనివ్వాలి, లేదా మిగిలిన డబ్బు తిరిగివ్వాలి అన్న షరతు కోర్టు ఆర్డరులోనే ఉండాలి.

ఇక మీ ఇంటి లెక్క. 401(కె) అప్పు జోలికి పోవద్దు. మామూలుగా ఐదేళ్లలో తీర్చాలి. ఉద్యోగం పోతే మిగిలిన బాకీని ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా సర్దకపోతే ఆదాయంగా లెక్కేస్తారు, 59½ ఏళ్లు నిండనివాళ్లకు సాధారణంగా పైన 10 శాతం పెనాల్టీ. మీ నెల ఖర్చు 7,500 అని రాశారు. ఆరు నెలలకు 45,000 పక్కన ఉండాల్సిందే. 58,000లో మిగిలేది 13,000. మీ వంతుగా పెట్టగలిగింది అంతే. కాలేజీ కోసం 529 పొదుపు ఖాతాలో వేసింది ఈ లెక్కలోకి రాదు, రాకూడదు కూడా.

కోర్టు తగాదాలో ఉన్న ఇంట్లో అద్దెకు దిగి ఎవరూ మార్బుల్ వేయించరు కదా. కొత్త స్టూడియో, కొత్త యాప్ లాంటివి ఆ పేరు మీద కట్టకండి. వచ్చిన ప్రేక్షకులను మీ సొంత ఈమెయిల్ లిస్టులోకి, మీ సొంత పేరు మీదికి మళ్లించుకునే హక్కు ఒప్పందంలో ఉందో లేదో మాత్రం తప్పక చూసుకోండి.

సంతకం ముగ్గురి పేర్ల మీద కాకుండా, కంపెనీ అప్పులు సాధారణంగా మీ సొంత ఆస్తుల మీదికి రాని ఎల్‌ఎల్‌సీ పేరు మీద పెట్టండి, వ్యక్తిగత గ్యారంటీ అడిగితే ఇవ్వకండి. మీడియా లయబిలిటీ ఇన్సూరెన్సు కోట్ తెప్పించుకోండి. మీలో ఒకరు హెచ్-1బి మీద ఉన్నారన్నారు, ఆయన పెట్టుబడి పెట్టడం వేరు, కూర్చుని పనిచేయడం వేరు. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి.

ఈ వారం దివాలా కేసులు చూసే లాయర్‌కు డ్రాఫ్టు చూపించి, నెలవారీ చెల్లింపు, రీఫండ్, 90 రోజుల గడువు అన్న మూడు మార్పులతో వెనక్కి పంపించండి. రీఫండ్ కుదరదంటే అక్కడితో వదిలేయండి. వేలం తేదీ ప్రకటించాక, ఎవరు కొన్నారో తెలిశాక, నేరుగా ఆ కొత్త యజమానితోనే మాట్లాడవచ్చు.